యెస్ బృందం, క్రిస్ స్క్వైర్ బ్యాస్ గిటార్: తెర వెనుక కథల్లో ఏవి నిజం?

మంద్రశ్రుతి (ప్రశ్న):

ఇంగ్లండుకు చెందిన ప్రోగ్రెసివ్ రాక్ (పొడవైన, సంక్లిష్టమైన రచనలు చేసే రాక్ శైలి) బృందం యెస్ ఆల్బమ్‌లను కొంతకాలంగా విడుదలైన వరుసలోనే వింటున్నాను. వినేకొద్దీ నా ధ్యాస గాయకుడు జాన్ ఆండర్సన్ మీద కంటే బ్యాస్ గిటార్ వాయించిన క్రిస్ స్క్వైర్ మీదకే పోతోంది. చాలా బృందాల్లో బ్యాస్ అడుగున ఉండి పాటను మోస్తుంది. ఇక్కడ మాత్రం అది గొంతుతో, గిటారుతో సమానంగా ముందుకు వచ్చి నిలబడుతుంది. ఆయన గురించి తెలుసుకుందామని చదవడం మొదలుపెడితే ఒకే సంగతిని ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతున్నారు.

ఆయనకు ‘ఫిష్’ అనే ముద్దుపేరు ఎలా వచ్చిందో, 1971 నాటి ‘ఫ్రాజైల్’ ఆల్బమ్‌లో అదే పేరుతో ఉన్న రచనలో వినిపించే నాదాలన్నీ నిజంగా బ్యాస్ గిటార్ నుంచి పుట్టినవేనా అన్నది నా మొదటి సందేహం. ఆ గిటారుకు అంత పదునైన ధ్వని ఎలా వచ్చిందన్నది రెండవది. ఇక మూడవది: చర్చిలోని, గొట్టాల్లోకి గాలి పంపి మోగించే పెద్ద వాద్యమైన ఆర్గాన్‌ను టెలిఫోన్ తీగల మీదుగా రికార్డు చేశారని కొందరు, సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో రికార్డు చేశారని మరికొందరు రాస్తున్నారు. ఈ రెంటిలో ఏది సరైనది? తెలిసిన పెద్దలు దయచేసి వివరించగలరు.

పాతరికార్డు:

ముద్దుపేరుకు ఒకటికి రెండు కారణాలు చెబుతారు, అవి ఒకదానికొకటి అడ్డు రావు. స్క్వైర్ 1948 మార్చి 4న లండన్‌లోని కింగ్స్‌బరీలో పుట్టారు కాబట్టి పాశ్చాత్య జ్యోతిషం ప్రకారం ఆయనది మీనరాశి. దానికి తోడు, ఆయన స్నానానికి వెళ్తే ఎప్పుడు బయటకు వస్తారో తెలియదని సహచరులు తరచు చెప్పుకునేవారు. బృందం తొలి రోజుల్లో నార్వేలోని ఓస్లోలో బస చేసినప్పుడు ఆయన స్నానం పుణ్యమా అని హోటల్ గది నీళ్ళతో నిండిపోయిందన్న కథ కూడా ఉంది. రాశి ఒక్కటే అయితే ఆ పేరు అంతగా అంటుకుని ఉండేది కాదని, స్నానాల గది పాత్రే ఎక్కువని నా అభిప్రాయం.

ఇక ‘ద ఫిష్’ విషయానికి వస్తే, ‘ఫ్రాజైల్’లో నాలుగు పాటలు బృందమంతా కలిసి చేసినవి, మిగిలిన ఐదూ ఐదుగురు సభ్యులు ఒక్కొక్కరుగా తలపెట్టినవి. ఈ పద్ధతిని సూచించినది డ్రమ్మర్ బిల్ బ్రూఫర్డ్. దీని వెనుక కళాదృష్టితో పాటు డబ్బు సంగతి కూడా ఉంది. అప్పుడే చేరిన రిక్ వేక్‌మన్ కీబోర్డుల వరుసకు భారీగా ఖర్చు కావడంతో స్టూడియో సమయాన్ని ఆదా చేయవలసి వచ్చింది. పైగా వేక్‌మన్‌కు వేరొక సంస్థతో ఒప్పందం ఉన్నందువల్ల సొంత రచన చేసే వీలు లేక, ఆయన బ్రామ్స్ నాలుగవ సింఫనీలోని ఒక భాగాన్ని కీబోర్డుల మీదకు మార్చి వాయించారు. బ్రూఫర్డ్ తన వంతుగా చేసిన ముక్క నిమిషం కూడా ఉండదు; దాని పేరు ‘ఫైవ్ పర్సెంట్ ఫర్ నథింగ్’ బృందం మాజీ మేనేజరుకు ముట్టవలసిన ఐదు శాతం వాటా మీద విసిరిన చురక.

స్క్వైర్ తన వంతు వచ్చినప్పుడు బ్యాస్ గిటారును పొరలు పొరలుగా రికార్డు చేశారు. అడుగున నడిచే ఏడు మాత్రల ఆవృతం, దాని మీద తేలే రాగం, మధ్యలో గీరినట్లు వినిపించే ధ్వనులు అన్నీ బ్యాస్ గిటార్‌వే. ఆల్బమ్ అట్ట మీది వివరణ కూడా ఇదే చెబుతుంది. అయితే ‘అన్నీ’ అన్న మాటకు చిన్న సవరణ అవసరం: డ్రమ్స్ బ్రూఫర్డ్‌వి, చివర్లో పదే పదే వినిపించే గానం ఆండర్సన్ మొదలుపెట్టినది.

ఆ గానంలోని మాటలు ‘షిండ్లేరియా ప్రీమట్యూరస్’. ఈ పేరు దొరికిన తీరు సరదాగా ఉంటుంది. ఆండర్సన్ స్టూడియో నుంచి బృందానికి దీపాల ఏర్పాట్లు చూసే మైఖేల్ టెయిట్‌కు ఫోన్ చేసి, ఆదిమకాలపు చేప పేరు ఒకటి, సరిగ్గా ఎనిమిది అక్షరాల ఉచ్చారణకు సరిపోయేది, వెంటనే వెతికి పెట్టమన్నారు. టెయిట్ ఒక రికార్డుల పుస్తకం తిరగేసి దీన్ని పట్టుకున్నారు. లయకు లెక్క చక్కగా కుదిరింది కానీ, జంతుశాస్త్రం మాత్రం కుదరలేదు. అది ఆదిమకాలపు చేపేమీ కాదు. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల్లో ఇప్పటికీ బ్రతికి ఉన్న, పెద్దదైనా పిల్ల దశలోనే ఉన్నట్లు కనిపించే అతి చిన్న చేప.

నాలుగుతంతులు:

గిటారు గురించి నేను చెబుతాను. స్క్వైర్ పదహారేళ్ళ వయసులో, జుట్టు కత్తిరించుకుని రమ్మని బడి నుంచి ఇంటికి పంపితే మళ్ళీ ఆ బడి ముఖం చూడలేదు. తర్వాత లండన్‌లోని బూజీ అండ్ హాక్స్ సంగీత వాద్యాల దుకాణంలో పనికి కుదిరారు. అక్కడి ఉద్యోగులకిచ్చే తగ్గింపు ధరకు 1965లో రికెన్‌బాకర్ బ్యాస్ ఒకటి కొన్నారు. అది 4001 నమూనాకు బ్రిటన్‌లో ఆర్‌ఎం 1999 అనే సంఖ్యతో అమ్మిన రూపం. ఆ తరువాత యాభై ఏళ్ళ పాటు ఆయన ప్రధాన వాద్యం అదే.

ఆ గిటారు కర్ర మామూలు రికెన్‌బాకర్ కంటే పలచగా ఉంటుంది, దానికి కారణం 1960ల నాటి అలంకార పిచ్చి. అప్పటి పూల మోజులో దానికి గోడకాగితం అంటించారు, తరువాత వెండిలా మెరిసే కాగితం అంటించారు. అంటించిన ప్రతిసారీ దాన్ని ఊడబెరికి, గీకి, మళ్ళీ రంగు వేయవలసి వచ్చింది. అలా కర్ర అరిగిపోయి, చివరికి ఇప్పుడు ఫొటోల్లో కనిపించే మీగడ రంగులో స్థిరపడింది. ఆ ధ్వనికి పలచబడిన కర్రే కారణమని నమ్మే అభిమానులు ఉన్నారు. నేను ఆ వాదనకు అంత బరువు ఇవ్వను.

అసలు కారణాలు చేతిలోనూ, తీగల్లోనూ, వైరింగులోనూ ఉన్నాయి. ఆయన వేళ్ళతో మీటకుండా పిక్ అనే చిన్న పలకతో మీటేవారు, అందులోనూ పిక్ తగిలిన మరుక్షణం బొటనవేలి అంచు కూడా తీగను తాకేలా పట్టుకునేవారు. దీనివల్ల ప్రతి స్వరానికీ ముందు ఒక చిటుకు, వెనుక ఒక గట్టిదనం వస్తాయి. వాడినవి రోటోసౌండ్ కంపెనీ గరుకు చుట్టు తీగలు. ద హూ బృందంలో బ్యాస్ వాయించిన జాన్ ఎంట్‌విజిల్ ప్రభావం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. దానికి తోడు, మొదట్లో ఒకే అవుట్‌పుట్ ఉన్న ఆ గిటారుకు వైరింగు మార్పించి తీగల కంపనాన్ని పట్టే రెండు పికప్‌ల శబ్దం వేర్వేరుగా బయటకు వచ్చేలా చేయించారు. అప్పుడు ఒక దారిలో వెళ్ళే శబ్దాన్ని బొంగురుగా చేసే ఫజ్ పరికరం గుండా పంపి, రెండవ దారిలోని శబ్దాన్ని స్వచ్ఛంగా ఉంచడానికి వీలైంది. మంద్రస్థాయిలో బరువు చెడకుండానే పైన ఆ కోత వినిపించడానికి ఇదే ప్రధాన కారణం.

ఇంకొక సంగతి తరచు మరిచిపోతారు. 1967లో ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు వికటించి ఆయన ఆసుపత్రి పాలయ్యారు. కోలుకున్నాక చాలా నెలలు బయటకు రావడానికే భయపడి, స్నేహితురాలి ఇంట్లోనే ఉండిపోయి రోజంతా బ్యాస్ సాధన చేశారు. 1968లో సోహోలోని లా షాస్ క్లబ్బులో ఆండర్సన్‌ను కలిసేనాటికి ఆయన వాయించే శైలి దాదాపు పూర్తిగా రూపుదిద్దుకున్నది ఆ నెలల వల్లనే. ఆ రోజు వారిద్దరూ మాట్లాడుకున్నది బ్యాస్ గురించి కాదు, సైమన్ అండ్ గార్ఫంకెల్ అనే గాయక ద్వయం తరహా గాత్ర సమ్మేళనం గురించి. స్క్వైర్ చిన్నప్పుడు కింగ్స్‌బరీలోని సెయింట్ ఆండ్రూస్ చర్చి గాయక బృందంలో పాడినవారు. ఆయన బ్యాస్ వరుసలు ప్రధాన రాగానికి ఎదురుగా మరొక గొంతులా నడవడానికి ఆ శిక్షణే మూలమని నేను అనుకుంటాను.

గాలిపెట్టె:

ఆర్గాన్ ప్రశ్నకు సమాధానం: ఇద్దరు చెప్పినదీ నిజమే, ఎందుకంటే అవి రెండు వేర్వేరు ఆర్గాన్లు. నిజానికి మూడు ఉన్నాయి.

మొదటిది 1972 నాటి ‘క్లోజ్ టు ది ఎడ్జ్’లోనిది. పద్దెనిమిది నిమిషాలకు పైగా సాగే, అదే పేరు గల పాట నడుమ అకస్మాత్తుగా మ్రోగే ఆర్గాన్‌ను వేక్‌మన్ లండన్‌లోని సెయింట్ జైల్స్ క్రిపుల్‌గేట్ చర్చిలో వాయించారు.

రెండవది సెయింట్ పాల్స్ కెథడ్రల్‌ది. ఇది యెస్ ఆల్బమ్‌లో లేదు. 1975లో స్క్వైర్ సొంతంగా విడుదల చేసిన ‘ఫిష్ అవుట్ ఆఫ్ వాటర్’లో ఉంది. దాన్ని వాయించిన బారీ రోజ్ మరెవరో కాదు, కింగ్స్‌బరీ చర్చిలో బాలుడైన స్క్వైర్‌కు పాట నేర్పిన గాయక బృంద నాయకుడే. ఆయన తరువాతి కాలంలో సెయింట్ పాల్స్‌కు చేరారు. 1981లో యువరాజు చార్లెస్, డయానాల పెళ్ళిలో అక్కడి గాయక బృందాన్ని నడిపించినది కూడా ఆయనే. ఆ ఆల్బమ్‌కు ఆర్కెస్ట్రా సమకూర్చిన ఆండ్రూ జాక్‌మన్ సైతం అదే చర్చిలో స్క్వైర్ పక్కన నిలబడి పాడినవాడు, తరువాత ద సిన్ బృందంలో ఆయన సహచరుడు. డ్రమ్స్ వాయించినది అప్పటికే యెస్‌ను వదిలి వెళ్ళిన బ్రూఫర్డ్. నన్నడిగితే స్క్వైర్‌ను తెలుసుకోవడానికి యెస్ ఆల్బమ్‌లలో దేనికన్నా ఇదే మంచి ద్వారం.

టెలిఫోన్ తీగల కథ మూడవదానిది. 1977 నాటి ‘గోయింగ్ ఫర్ ది వన్’ను స్విట్జర్లాండులోని మాంట్రూలో మౌంటెన్ స్టూడియోలో రికార్డు చేశారు. ‘పారలల్స్’ పాట కోసం వేక్‌మన్ దగ్గరలోని వెవే పట్టణంలో సెయింట్ మార్టిన్ చర్చి ఆర్గాన్ ముందు కూర్చున్నారు, మిగిలిన బృందం స్టూడియోలో ఉంది. రెండు చోట్లనూ నాణ్యమైన టెలిఫోన్ తీగలతో కలిపి అందరూ ఒకేసారి వాయించారు. ఈ రెండు కథలూ కలిసిపోవడానికి కారణం కూడా ఊహించవచ్చు. ‘పారలల్స్’ స్క్వైర్ రచన, మొదట ఆయన సొంత ఆల్బమ్ కోసం అనుకున్నదే. అందులో ఇమడక బృందానికి వచ్చింది.

మంద్రశ్రుతి:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. గాలిపెట్టె గారూ, బ్రూఫర్డ్ వెళ్ళిపోయిన తరువాత కూడా స్క్వైర్ ఆల్బమ్‌లో వాయించారంటే వారి మధ్య పెద్ద తగాదా లేదనుకోవాలి. మరి మంచి పేరు వచ్చిన సమయంలోనే ఆయన ఎందుకు వెళ్ళిపోయినట్లు? స్క్వైర్ ఆలస్యాలే కారణమని ఒక చోట చదివాను.

పాతరికార్డు:

ఆలస్యం ఒక్కటే కారణమని చెప్పడం అన్యాయం, కానీ దానికి వాటా లేదని కూడా చెప్పలేము. స్క్వైర్ దేనికైనా సమయానికి రారన్నది బృందంలో అందరూ ఎరిగినదే, బ్రూఫర్డ్ సమయపాలన విషయంలో కచ్చితమైన మనిషి. ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ను చిన్న చిన్న ముక్కలుగా వాయించి, టేపును కోసి అతికిస్తూ తయారు చేశారు. అక్కడ ప్రతి నిర్ణయానికీ ఐదుగురి సమ్మతి కావాలి. బ్రూఫర్డ్ చెప్పిన ఒక ముచ్చట ప్రకారం, ఆయన ఒక రాత్రి కంట్రోల్ గదిలోని సోఫా మీద నిద్రపోయి కొన్ని గంటల తరువాత లేచి చూస్తే, స్క్వైర్ అదే భంగిమలో మిక్సింగ్ బల్ల మీదకు వంగి, రెండు మీటల హెచ్చుతగ్గుల గురించి ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. కావాలనుకున్న టేపు ముక్కను శుభ్రం చేసేవారు పొరపాటున చెత్తలో పారవేస్తే, స్టూడియో బయట చెత్తడబ్బాల్లో వెతికి తెచ్చుకున్న సందర్భం కూడా ఆ రోజులదే. ఇటువంటి పనితీరుతో విసిగిన బ్రూఫర్డ్ ఆల్బమ్ పూర్తి కాగానే కింగ్ క్రిమ్సన్ బృందంలో చేరిపోయారు. అక్కడ సంగీతం అప్పటికప్పుడు పుట్టేది కాబట్టి ఆయన స్వభావానికి అది సరిపోయింది.

నా దృష్టిలో ఆ ఓపికే స్క్వైర్ బలం కూడా. సభ్యులు ఎందరు మారినా, 1969 నాటి మొదటి ఆల్బమ్ నుంచి 2014 నాటి ‘హెవెన్ అండ్ ఎర్త్’ వరకు యెస్ స్టూడియో ఆల్బమ్‌లన్నిటిలో ఉన్న ఏకైక సభ్యుడు ఆయనే. 1989లో ఆండర్సన్, బ్రూఫర్డ్, వేక్‌మన్, గిటారిస్టు స్టీవ్ హౌ నలుగురూ కలిసి ఆల్బమ్ చేసినప్పుడు యెస్ అనే పేరు స్క్వైర్ పక్షాన ఉండిపోవడంతో, తమ నాలుగు ఇంటిపేర్లనే బృందం పేరుగా పెట్టుకోవలసి వచ్చింది. అందులో బ్యాస్ వాయించినది టోనీ లెవిన్.

నాలుగుతంతులు:

పాతరికార్డు గారి మాటకు చిన్న చేర్పు. బ్రూఫర్డ్ వెళ్ళినప్పుడు బృందం ముందు అమెరికా పర్యటన ఉంది. స్క్వైర్, ఆండర్సన్ కలిసి డ్రమ్మర్ అలన్ వైట్ దగ్గరకు వెళ్ళి, బృందంలో చేరడానికి ఒప్పుకోకపోతే కిటికీలోంచి బయటకు విసిరేస్తామని బెదిరించారని వైట్ స్వయంగా నవ్వుతూ చెప్పేవారు. ఆయన మూడు రోజుల్లో పాటలన్నీ నేర్చుకుని 1972 జులై 30న డల్లాస్ కచేరీలో డ్రమ్స్ వెనుక కూర్చున్నారు. ఆ తరువాత 2015లో స్క్వైర్ మరణించేవరకు యెస్ లయ భారమంతా దాదాపుగా ఆ ఇద్దరిదే.