లెడ్ జెప్పెలిన్, బ్లూస్: అప్పు తెచ్చుకున్నారా, కాజేశారా?

నీలిస్వరం:

లెడ్ జెప్పెలిన్ అనే ఇంగ్లండు రాక్ బ్యాండు మాట వచ్చిన ప్రతిసారీ మన సభ్యులు రెండు జట్లుగా చీలిపోతున్నారు. అమెరికా నల్లజాతివారి సంగీతమైన బ్లూస్‌ను లోకానికి వినిపించినవాళ్లు అని ఒకరంటే, నల్లజాతి గాయకుల పాటలు కాజేసినవాళ్లు అని ఇంకొకరు. ఈ తగువుకు ఒక చోటు ఉండాలని చర్చ మొదలుపెడుతున్నాను. నా పక్షం ముందే చెబుతాను. జిమ్మీ పేజ్ గిటార్, జాన్ బోనమ్ డ్రమ్ములు అంటే నాకు ప్రాణం. అయినా 1969లో రెండో ఆల్బమ్ లేబుల్ మీద పేర్లు వేసిన తీరు తప్పు. అది తెలియక చేసింది కూడా కాదు.

ఆ ఏడాది జనవరిలో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో ‘యూ షుక్ మీ’, ‘ఐ కాంట్ క్విట్ యూ బేబీ’ పాటలకు షికాగో బ్లూస్ రచయిత విల్లీ డిక్సన్ పేరు వేశారు. రెండోది ఓటిస్ రష్ 1956లో షికాగోలో పాడిన పాట. అంటే డిక్సన్ ఎవరో, ఆయన ఎలాంటి పాటలు రాస్తాడో వాళ్లకు బాగా తెలుసు. అక్టోబరులో రెండో ఆల్బమ్ వచ్చేసరికి ఆ పేరు మాయమైంది. మొదటి పాట ‘హోల్ లాటా లవ్’ మాటల్లో చాలా భాగం మడ్డీ వాటర్స్ 1962లో పాడిన ‘యూ నీడ్ లవ్’ లోనివి. రాసినది డిక్సనే. లేబుల్ మీద మాత్రం బ్యాండులోని నలుగురి పేర్లే ఉన్నాయి. ఆఖరి పాట ‘బ్రింగ్ ఇట్ ఆన్ హోమ్’ ఎత్తుగడ, ముగింపు సన్నీ బాయ్ విలియమ్సన్ పాడిన డిక్సన్ పాటవే. దానికి పేజ్, బ్యాండు గాయకుడు రాబర్ట్ ప్లాంట్ తమ పేర్లు వేసుకున్నారు. మధ్యలో ‘ద లెమన్ సాంగ్’ హౌలిన్ వుల్ఫ్ ‘కిల్లింగ్ ఫ్లోర్’ మీద నిలబడింది. ఒక్క ఆల్బమ్‌లోనే మూడు పాటలు. దీన్ని పొరపాటు అని ఎలా అనగలం?

పాత రికార్డు:

నీలిస్వరం గారూ, మీరు చెప్పిన వివరాల్లో ఒక్కటి కూడా కాదనను. కానీ బ్లూస్ పుట్టి పెరిగిన పద్ధతిని పక్కన పెట్టి తీర్పు చెబుతున్నారు. ‘లెమన్ సాంగ్’లో నిమ్మకాయ పిండే పంక్తి ఉంది కదా, అది రాబర్ట్ జాన్సన్ 1937లో డాలస్‌లో పాడిన ‘ట్రావెలింగ్ రివర్‌సైడ్ బ్లూస్’ నుంచి వచ్చింది. జాన్సన్‌కు ముందే, అదే ఏడాది ఆర్ట్ మెకే అనే గాయకుడు ఆ మాటలతో రికార్డు ఇచ్చి ఉన్నాడు. స్కిప్ జేమ్స్ 1931లో పాడిన తుపాకీ పాటలో అంకె మార్చి జాన్సన్ 1936లో ‘32-20 బ్లూస్’ చేశాడు.

డిక్సన్ సంగతి కూడా చూడాలి. ‘స్పూన్‌ఫుల్’ వెనుక చార్లీ పాటన్ 1929 నాటి పాట ఉంది. ‘మై బేబ్’ చర్చిలో పాడుకునే ఒక పాత రైలు పాట బాణీకి కొత్త మాటలు కట్టినది. చుట్టూ ఉన్న పాటల్లోంచి ఒక పంక్తి, ఒక బాణీ, ఒక గిటార్ వరస తీసుకుని తమ గొంతుతో కొత్తది చేయడమే ఆ కళ. పన్నెండు బార్ల (తాళపు ఖండాల) చట్రం, మొదటి పంక్తిని రెండుసార్లు పాడి మూడో పంక్తితో జవాబివ్వడం, ఇవి ఎవరి సొత్తూ కావు. లండన్ కుర్రాళ్లు అదే పని చేస్తే నేరం ఎలా అవుతుంది?

న్యాయపక్షం:

డబ్బు దగ్గర అవుతుంది. రాబర్ట్ జాన్సన్ అరువు తెచ్చుకున్నప్పుడు ఎవరి రాయల్టీ పోలేదు. ఆ రోజుల్లో పాడినవారికి పాటకు ఇంత అని రొక్కం చేతిలో పెట్టి పంపేవారు, అంతటితో సరి. 1969 నాటికి కథ వేరు. లేబుల్ మీద రచయితగా ఎవరి పేరు ఉంటే, రికార్డు అమ్మిన ప్రతిసారీ, రేడియోలో మోగిన ప్రతిసారీ రచయిత వాటా వారికి వెళుతుంది. రెండో ఆల్బమ్ కోట్లలో అమ్ముడుపోయింది.

పేరు వేస్తే ఏమవుతుందో చూపే ఉదాహరణ అదే కాలంలో ఉంది. క్రీమ్ బ్యాండు 1966లో స్కిప్ జేమ్స్ ‘ఐయామ్ సో గ్లాడ్’ పాడి ఆయన పేరు వేసింది. క్యాన్సర్‌తో ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్న ఆ వృద్ధుడికి చివరి రోజుల్లో ఆ రాయల్టీలు ఆసరా అయ్యాయి. 1969లో ఆయన చనిపోయాడు. అందువల్ల ‘అందరూ తీసుకున్నారు’ అనే వాదన నాకు సరిపోదు. తీసుకున్నారు సరే, లేబుల్ మీద ఏమి రాశారు అన్నదే నా ప్రశ్న.

పాత రికార్డు:

న్యాయపక్షం గారూ, ఆ లెక్కన మొదటి ముద్దాయి లెడ్ జెప్పెలిన్ కాదు, ఆర్క్ మ్యూజిక్. షికాగో రికార్డు కంపెనీ చెస్ రికార్డ్స్ యజమానులు, గుడ్‌మన్ సోదరులు కలిసి నడిపిన ప్రచురణ సంస్థ అది. ‘బ్రింగ్ ఇట్ ఆన్ హోమ్’, ‘లెమన్ సాంగ్’ల మీద 1972లో దావా వేసింది వాళ్లే, రాజీ సొమ్ము అందుకున్నదీ వాళ్లే. అక్కడి నుంచి తన వాటా రాబట్టుకోవడానికి డిక్సన్ మళ్లీ పోరాడవలసి వచ్చింది. డెబ్బైల్లో డిక్సన్, మడ్డీ వాటర్స్ కలిసి ఆర్క్ మీద కోర్టుకెక్కారు. సొంత పాటల మీద సొంత ప్రచురణకర్తతో పోరాటం! ఇంగ్లండు నుంచి వచ్చిన నలుగురిని మాత్రమే బోనులో నిలబెడితే ఇంట్లో ఉన్నవారు తప్పించుకుంటారు.

నీలిస్వరం:

ఆర్క్ చేసిన అన్యాయం నిజమే. అయితే అది పేజ్, ప్లాంట్‌ల తప్పును ఏ మాత్రం తగ్గించదు. ‘హోల్ లాటా లవ్’ విషయంలో 1985లో డిక్సనే స్వయంగా దావా వేశాడు. 1987లో కోర్టు బయట రాజీ కుదిరింది. ఇప్పుడు ఆ పాటకు ఆయన పేరు కూడా ఉంటోంది. అప్పటికి పాట వచ్చి పద్దెనిమిదేళ్లు. ఆయన 1992లో పోయాడు. మనసులో పెట్టుకోవలసిన లెక్క అది.

బాస్ తీగ:

మీరంతా కాగితాల దగ్గరే ఉండిపోయారు. ఒకసారి పాట దగ్గరకు రండి. నేను బాస్ వాయిస్తాను కాబట్టి చెవి పెట్టి విన్నది చెబుతాను. మడ్డీ వాటర్స్ ‘యూ నీడ్ లవ్’లో ఆర్గన్ ఉంది, అర్ల్ హూకర్ గిటార్ ఉంది. పాట తాపీగా ఊగుతూ నడుస్తుంది. ‘హోల్ లాటా లవ్’ను నడిపించే గిటార్ వరస అందులో ఎక్కడా లేదు. అది పేజ్ కట్టినది. దాని కింద జాన్ పాల్ జోన్స్ బాస్ అదే వరసను పట్టుకుని నడవడం, బోనమ్ ఆగి ప్రవేశించడం, మధ్యలో వాయిద్యాలన్నీ పక్కకు తప్పుకుని థెరమిన్ అనే విద్యుత్ వాయిద్యం ఊళలు మిగలడం, ఇవేవీ షికాగోవి కావు.

గొంతు సంగతి వేరు. స్మాల్ ఫేసెస్ బ్యాండు 1966లో ‘యూ నీడ్ లవ్’నే కొంచెం మార్చి పాడింది. దానికి కూడా డిక్సన్ పేరు వేయలేదు. అందులో స్టీవ్ మారియట్ ఊపిరి ఎక్కడ తీశాడో, మాటను ఎక్కడ విరిచాడో విని, వెంటనే ప్లాంట్‌ను వినండి. చాలా చోట్ల అచ్చం అలాగే ఉంటుంది. కనుక నా మాట ఇది: వాయిద్యం వాళ్లది, మాటలు డిక్సన్‌వి, పాడిన తీరు కొంత మారియట్‌ది. మొదటి రోజే లేబుల్ మీద డిక్సన్ పేరు చేరి ఉంటే పేజ్ గొప్పతనం ఆవగింజంత కూడా తగ్గేది కాదు. నా బాధంతా అదే.

కొత్త శ్రోత:

నమస్కారం. అందరికన్నా చిన్నవాడిని, ఒక సందేహం. ‘స్టెయిర్‌వే టు హెవెన్’ కూడా ఇలాంటిదేనా?

న్యాయపక్షం:

కాదు తమ్ముడూ. అది స్పిరిట్ అనే బ్యాండు ‘టారస్’ పాటతో వచ్చిన వివాదం, బ్లూస్‌తో సంబంధం లేదు. 2014లో దావా పడింది, 2016లో జ్యూరీ లెడ్ జెప్పెలిన్ పక్షాన తీర్పిచ్చింది, 2020లో పై కోర్టు దాన్నే ఖాయం చేసింది. మెట్లు దిగినట్టు ఒక్కో స్వరం కిందికి జారే ఆ వరస సంగీతంలో ఎంతో పాతది. నా మటుకు ఆ తీర్పు న్యాయమే.

తెల్ల కాగితం:

ఒక విషయం ఎవరూ ఎత్తలేదు. నష్టపోయినవారు నల్లజాతి గాయకులు మాత్రమే కాదు. ‘బేబ్ ఐయామ్ గొన్నా లీవ్ యూ’ రాసినది ఆన్ బ్రెడన్ అనే కాలిఫోర్నియా యువతి. జోన్ బేజ్ 1962లో పాడగా పేజ్ విన్నాడు. మొదటి ఆల్బమ్ మీద అది సంప్రదాయ గీతమని, కూర్పు పేజ్‌ది అని వేశారు. 1990 నుంచి ఆమె పేరు చేర్చి పాత బకాయి కూడా ఇచ్చారు. ‘డేజ్డ్ అండ్ కన్‌ఫ్యూజ్డ్’ పాట జేక్ హోమ్స్ 1967 ఆల్బమ్‌లో ఉంది. ఆయన 2010లో దావా వేశాక, 2012లో వచ్చిన కచేరీ రికార్డు మీద పేజ్ పేరు పక్కన జేక్ హోమ్స్ స్ఫూర్తి అని చేరింది. కనుక దీన్ని జాతి కోణంలోనే చూడనవసరం లేదు. ఎవరిదైనా తీసుకున్నారు.

నీలిస్వరం:

తెల్ల కాగితం గారూ, మీ ఉదాహరణలు నా అనుమానాన్ని ఇంకా గట్టిపరిచాయి. వరుసగా చూడండి. ఆర్క్ దావా వేసింది, పేరు వచ్చింది. డిక్సన్ వేశాడు, వచ్చింది. హోమ్స్ వేశాడు, వచ్చింది. బ్రెడన్ బతికి ఉండి అడిగింది, వచ్చింది. అడిగే మనిషి లేకపోతే?

బ్లైండ్ విల్లీ జాన్సన్‌ను తీసుకోండి. టెక్సస్ వీధుల్లో భక్తి పాటలు పాడిన అంధుడు. 1927 నుంచి 1930 దాకా కొలంబియా కంపెనీకి ముప్పై పాటలు ఇచ్చాడు. వాటిలో ఒకటి వాయేజర్ నౌకతో పాటు అంతరిక్షంలోకి వెళ్లింది. 1945లో బోమంట్‌లో పేదరికంలోనే చనిపోయాడు. 1976లో వచ్చిన ‘ప్రెజెన్స్’ ఆల్బమ్‌లోని ‘నోబడీస్ ఫాల్ట్ బట్ మైన్’ ఆయన 1927లో పాడిన పాట నుంచి వచ్చింది. పేరు పేజ్, ప్లాంట్‌లది. పేజ్ స్వయంగా దగ్గరుండి చేయించిన 2015 పునర్ముద్రణలో కూడా అదే రాత. 1975 ఆల్బమ్‌లోని ‘ఇన్ మై టైమ్ ఆఫ్ డయింగ్’ కూడా అంతే. ఆయన తరఫున కోర్టు మెట్లు ఎక్కేవారు ఎవరున్నారు?

డ్రమ్ముల గది:

ఎవరూ అడగకుండానే పేరు వేసిన సందర్భం ఉంది. 1971 నాటి నాలుగో ఆల్బమ్‌లో ‘వెన్ ద లెవీ బ్రేక్స్’. నాకు ఈ బ్యాండు చేసిన వాటన్నింటిలో అదే మిన్న. బ్యాండు నలుగురితో పాటు మెంఫిస్ మిన్నీ పేరు మొదటి నుంచీ ఉంది. అప్పటికి ఆమె పక్షవాతంతో మెంఫిస్‌లో మంచం పట్టి ఉంది. దావా వేసే పరిస్థితి కాదు.

ఈ పాట దగ్గర కొంచెం ఆగాలి. 1927లో మిసిసిపీ నది కరకట్టలు తెగి డెల్టా మునిగిపోయింది. కట్టల మీద ఇసుక బస్తాలు మోయించింది నల్లజాతి కౌలు రైతుల చేత. రెండేళ్ల తర్వాత మిన్నీ, ఆమె భర్త కాన్సస్ జో మెకాయ్ రెండు గిటార్లతో ఈ పాట రికార్డు చేశారు. పాడింది జో. విషయం ఎంత బరువైనదో వాయిద్యం అంత తేలిక. రెండు గిటార్లు చకచకా నడిచిపోతుంటాయి, గొంతు ఎక్కడా పెంచడు. ఇల్లు విడిచి వెళ్లడం తప్ప దారి లేదని మామూలుగా చెప్పేస్తాడు.

నలభై ఏళ్ల తర్వాత హాంప్‌షైర్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో బోనమ్ డ్రమ్ములను మెట్లున్న పెద్ద హాలులో పెట్టారు. ఇంజనీరు ఆండీ జాన్స్ రెండే మైకులను పై అంతస్తు నుంచి కిందికి వేలాడదీశాడు. డ్రమ్ము దగ్గర ఒక్క మైకూ లేదు. దెబ్బ పడ్డాక హాలు గోడలు ఇచ్చే బదులే మనకు వినిపించేది. దానికి తోడు ప్రతిధ్వని యంత్రం, టేపు వేగం తగ్గించడం. ఏడు నిమిషాలు ఆ నీళ్లు వస్తూనే ఉంటాయి. జో మెకాయ్ పాటలో వరద వచ్చి వెళ్లిపోయాక మనిషి ఉన్నాడు. ఇందులో వరదే ఉంది. దీన్ని కాజేయడం అని ఎవరైనా అంటే ఒప్పుకోలేను.

న్యాయపక్షం:

చాలా బాగా చెప్పారు. అయినా ఒక మాట: ఆ పాట పాడిన జో మెకాయ్ పేరు లేబుల్ మీద లేదు.

డ్రమ్ముల గది:

లేదు. ఉండాల్సింది.

బాస్ తీగ:

రోలింగ్ స్టోన్స్‌ను ఎవరూ అడగరేమి? వాళ్లు పాడిన ‘ప్రాడిగల్ సన్’ రెవరెండ్ రాబర్ట్ విల్కిన్స్ పాట. 1968లో ఆల్బమ్ వచ్చినప్పుడు బ్యాండు సభ్యులు జాగర్, రిచర్డ్స్ పేర్లతోనే వచ్చింది. మన దగ్గర ఊళ్లో ఆడవాళ్లు నాట్లేస్తూ పాడుకునే పాట సినిమాకెక్కి ఎవరో ఒకరి పేరు తగిలించుకున్నప్పుడు మనం పడే బాధే ఇది. కాకపోతే బ్లూస్‌లో చాలా పాటలకు రాసిన మనిషి పేరు, రికార్డు తేదీ అన్నీ దొరుకుతాయి. తెలియలేదు అనడానికి ఆస్కారం తక్కువ.

పాత రికార్డు:

ఇంతసేపు మీరు చెప్పినవన్నీ చదివి, రాత్రి బ్లైండ్ విల్లీ జాన్సన్‌ను, ‘ప్రెజెన్స్’ను పక్కపక్కన పెట్టి మళ్లీ విన్నాను. జాన్సన్ పాటలో బైబిలు చదవకపోతే తన ఆత్మ నాశనమవుతుందన్న భయం ఉంది. కొన్ని చోట్ల పంక్తిని సగంలో వదిలేస్తాడు, మిగతా సగం గిటార్ తీగ మీద జారుతూ పలుకుతుంది. ప్లాంట్ చేతిలో ఆ బైబిలు లేదు. సైతాను ఉన్నాడు, వదలని వ్యసనం ఉంది. పేజ్ గిటార్, ప్లాంట్ గొంతు ఒకే వరసను కలిసి మోస్తాయి. అందరూ ఒక్కసారి ఆగిపోతారు, మళ్లీ పడతారు. తర్వాత వచ్చే హార్మోనికా జాన్సన్ పాటలో లేనే లేదు.

పల్లవి, పాటకు ప్రాణమైన ఆ ఒప్పుకోలు మాత్రం ఆయనవే. ఆయన పేరు అక్కడ ఉండాలి, ఆ విషయంలో నీలిస్వరం గారి పక్షాన నిలబడతాను. ఆ ఒక్క పేరు లేనందుకు పాట మొత్తం దొంగ సొత్తు అంటే మాత్రం నేను ఈ చర్చ వదలను. రేపు ‘సిన్స్ ఐ హావ్ బీన్ లవింగ్ యూ’ గురించి రాస్తాను. అందులో కొన్ని మాటలు మోబీ గ్రేప్ బ్యాండు 1968 పాటకు ఎంత దగ్గరగా ఉన్నాయో ముందు మీరంతా విని ఉంచండి.