1987 డెల్టా, 1992 డెల్టా: రెండూ ఒకే కారేనా?

బొమ్మకార్ల బాబు:
నా దగ్గర ఇటలీ కంపెనీ లాన్చియా ర్యాలీల్లో నడిపిన డెల్టా కారు బొమ్మలు మూడున్నాయి. ఒకటి 1987 మాంటే కార్లో ర్యాలీలో గెలిచినది, ఒకటి 1992 నాటిది. రెండింటి మీదా స్పాన్సర్ మార్టినీవి అవే చారలు. పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం నమ్మబుద్ధి కావట్లేదు. మొదటిది బక్కగా, డబ్బాలా, మామూలు ఫ్యామిలీ కారులా ఉంది. రెండోదానికి చక్రాల పైన రేకు ఉబ్బింది, బానెట్ మధ్యలో గూని, పైకప్పు చివర స్పాయిలర్. గ్రూప్ ఏ అంటే షోరూమ్‌లో అమ్మిన కారుతోనే ర్యాలీకి రావాలి కదా, మరి ఇన్ని మార్పులు ఎలా ఒప్పుకున్నారు? ఇదే డెల్టా అంతకుముందు గ్రూప్ బీలో కూడా ఉందని చదివాను. మూడో బొమ్మ ఎరుపు రంగుది. అది అసలుదేనా, తయారీదారు సొంత కవిత్వమా?

గేర్‌బాక్స్ గోపాలం:
ముందు గ్రూప్ బీ, అంటే రూల్స్ బాగా వదులుగా ఉండే పాత తరగతి, దాని సంగతి తేల్చేద్దాం బాబూ. అది డెల్టా ఎస్4. పేరూ, మొహం పోలికా తప్ప మీ హ్యాచ్‌బ్యాక్‌తో దానికి చుట్టరికం లేదు. గొట్టాలతో కట్టిన ఫ్రేమ్, సీట్ల వెనక ఇంజన్, దానిలోకి గాలిని బలంగా తోసే సూపర్‌చార్జరూ టర్బో రెండూ. 1986 మేలో కోర్సికా ర్యాలీలో అదే కారులో హెన్రీ టొయివొనెన్, ఆయన కో-డ్రైవర్ సెర్జియో క్రెస్టో చనిపోయారు. ఆ వెంటనే గ్రూప్ బీకి మంగళం పాడేశారు. 1987 నుంచి పెద్ద టైటిల్ గ్రూప్ ఏ కార్లదే. అప్పట్లో పన్నెండు నెలల్లో 5000 కార్లు తయారైతేనే ఆ మోడల్‌కి అనుమతి.

ఇక మీ అసలు ప్రశ్న. మీరు దాన్ని తిరగేసి చూడాలి. ర్యాలీ కారుని ఇష్టమొచ్చినట్టు కోయడానికి రూల్ ఒప్పుకోదు, నిజమే. కానీ షోరూమ్ కారునే మార్చి అమ్మితే ఎవరు ఆపుతారు? లాన్చియా చేసింది అదే. మొదట వచ్చిన హెచ్‌ఎఫ్ 4డబ్ల్యూడీలో (మీ 1987 బొమ్మ అదే) 1995 సీసీ టర్బో ఇంజన్, 165 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకీ డ్రైవ్. అంతా బాగానే ఉంది, చక్రాల దగ్గర తప్ప. ఆ బాడీ 1979 నాటి ఇంటికారుది. దాని ఆర్చ్‌లలో, అంటే చక్రం పైనుండే రేకు గూళ్లలో, పెద్ద టైరు పట్టదు, సస్పెన్షన్ ఆడటానికి చోటు చాలదు, పెద్ద బ్రేకులు పెడదామంటే చక్రం చిన్నది. అందుకే 'ఇంటెగ్రాలే' అనే మోడల్ వచ్చింది: ఆర్చ్‌లు వెడల్పు, 14 అంగుళాల చక్రాల బదులు 15, రోడ్డు కారుకి 185 హార్స్‌పవర్. 1988లో పోర్చుగల్‌లో మొదటిసారి దింపారు, లాన్చియా డ్రైవర్ మికీ బియాసియోన్ గెలిచాడు.

మీరు గూని అన్నారే, అది 1989 నాటి 16 వాల్వుల ఇంటెగ్రాలేది. కొత్త సిలిండర్ హెడ్ ఎత్తు ఎక్కువ, పాత బానెట్ మూతపడదు, రేకు పైకి లేపారు. నాకు నచ్చేది దాని లోపలి మార్పు. అంతకుముందు ఇంజన్ బలంలో 56 శాతం ముందు చక్రాలకి, 44 వెనక్కి పోయేది. అలాంటి కారు మలుపులో ముక్కు బయటికి తోస్తుంది. 16 వాల్వులదానికి దాన్ని 47, 53గా తిప్పేశారు. బయటి నుంచి ఎవరికీ కనపడదు, స్టీరింగ్ పట్టుకున్నవాడికి మాత్రం తెలుస్తుంది. 1991లో వచ్చిన 'ఎవొలుజియోనే' మోడల్‌కి (మీ 1992 బొమ్మ అదే) ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం ఇంకా పెంచారు, చక్రానికి నాలుగు బోల్టుల బదులు ఐదు పెట్టారు. ఆ స్పాయిలర్ కూడా దానితోనే.

మా వర్క్‌షాప్‌లో పాత కారు రేకు చూసి దాని చరిత్ర చెప్పేస్తుంటాం. డెల్టా విషయంలో ఆ చరిత్రంతా ర్యాలీ డ్రైవర్ల ఫిర్యాదులే. ప్రతి ఉబ్బు కిందా ఒకటి ఉంది.

సైడ్‌వేస్ సుబ్బు:
గోపాలం గారూ, మరీ ఎత్తేస్తున్నారు. 1987లో పోటీ ఎక్కడుందండీ? ఆడీ తెచ్చింది 200 క్వాట్రో, పడవంత కారు. మజ్దా 323కి ఇంజన్ 1.6 లీటర్లే. బీఎండబ్ల్యూ ఎం3కి వెనక చక్రాల డ్రైవ్. ప్యూజో ప్రపంచ ర్యాలీలే మానేసింది. ఖాళీ మైదానంలో ఎవరైనా గెలుస్తారు.

గేర్‌బాక్స్ గోపాలం:
సుబ్బూ, 1987 వరకైతే నీ మాట సగం ఒప్పుకుంటాను. సగమే ఎందుకంటే ఆ ఏడాది కూడా స్వీడన్ మజ్దాకి, సఫారీ ఆడీకి, కోర్సికా ఎం3కి పోయాయి. మైదానం మరీ అంత ఖాళీ ఏం కాదు. ఆ తర్వాత టొయోటా సెలికా జీటీ-ఫోర్ వచ్చింది. 1990లో కార్లోస్ సైన్జ్ దానితో డ్రైవర్ల టైటిల్ కొట్టుకుపోయాడు కూడా. అయినా కార్ల కంపెనీలకిచ్చే తయారీదారుల టైటిల్ ఆ ఏడూ లాన్చియాదే. బియాసియోన్, కాంకునెన్, ఓరియోల్ ముగ్గురూ ఒకే జట్టులో ఉంటే ఒకడు రోడ్డు తప్పినా ఇంకొకడు పాయింట్లు తెస్తాడు. 1987 నుంచి 1992 దాకా వరసగా ఆరు టైటిళ్లు, మొత్తం 46 ర్యాలీ విజయాలు. ఇది ఒక్క ఏడాది అదృష్టంతో అయ్యే పని కాదు.

బొమ్మకార్ల బాబు:
థ్యాంక్స్ గోపాలం గారూ. 1992లో కూడా డ్రైవర్ల టైటిల్ సైన్జ్‌దే కదా, మరి ఓరియోల్ అంత గొప్ప సీజన్ అంటారెందుకు? అలాగే ఎర్ర కారు గురించి చెప్పలేదు.

సైడ్‌వేస్ సుబ్బు:
దీనికి నేను చెప్తా. ఓరియోల్ ఆ ఏడాది డెల్టాతో ఆరు ర్యాలీలు గెలిచాడు. చివరికి మూడో స్థానం! సైన్జ్, కాంకునెన్ తర్వాత. ఆ లెక్క చూస్తే నాకు ఇప్పటికీ తిక్క రేగుతుంది.

గేర్‌బాక్స్ గోపాలం:
ఎరుపుది అసలుదే బాబూ. 1989లో ఇటలీలోని సాన్‌రెమో ర్యాలీ, 16 వాల్వుల కారుకి అదే మొదటిది. మార్టినీ చారలు అలాగే ఉంచి తెలుపు బదులు ఎరుపు వేశారు. బియాసియోన్ గెలిచాడు. బానెట్ మీద గూని ఉందో లేదో చూడండి, లేకపోతే బొమ్మ తయారీదారు పాత అచ్చుకే రంగు మార్చి అంటగట్టాడని అర్థం.