ఏప్రిల్ చివర్లో స్టాక్‌హోమ్, బెర్గెన్: అమ్మకి ఏం బట్టలు సర్దాలి?

ఈ 24 నుంచి పది రోజులు అమ్మని తీసుకుని స్వీడన్‌లోని స్టాక్‌హోమ్, అక్కణ్ణుంచి నార్వేలోని బెర్గెన్ వెళ్తున్నాం. ఫోన్‌లో చూస్తే ఒకరోజు 14 డిగ్రీలు, మర్నాడే 2, పైగా మంచు పడే గుర్తు కూడా, బెర్గెన్‌లో అయితే వాన ఎటూ తప్పదంటున్నారు. హైదరాబాద్ ఎండలో చెమటలు కక్కుతూ స్వెట్టర్లు మడతపెడుతుంటే నాకే నవ్వొస్తోంది.

అమ్మ చీర తప్ప ఇంకేం కట్టదు. లోపల థర్మల్ ప్యాంటు వేసుకోవడానికి ఎలాగో ఒప్పుకుంది కానీ, కుచ్చిళ్లు తడిస్తే ఓ పట్టాన ఆరవు కదా, అదే నా టెన్షన్. ఒక్క లావుపాటి కోటు మేలా, లేక పల్చటి ఉన్ని స్వెట్టరు మీద రెయిన్‌కోటా? 30 రాత్రి స్టాక్‌హోమ్‌లో వాల్‌బోర్గ్ (వసంతానికి స్వాగతం చెప్పే పండగ) మంటలు చూడ్డానికి బయటే నిలబడాలి, గ్లవ్స్ కూడా కావాలంటారా? బెర్గెన్ గాలికి గొడుగు ఆగుతుందా? ఆ నెలలో వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.