పెళ్లికార్డులు మనమే డిజైన్ చేసుకుంటే నిజంగా మిగులుతుందా? 300 కార్డుల లెక్క

కాగితంకొట్టు:
300 శుభలేఖలు కావాలి, బడ్జెట్ 4,000 రూపాయలు. కొట్లో రెడీమేడ్ కార్డు ఎంచుకుని మేటర్ వేయించుకోవడం చవకా, మనమే డిజైన్ చేసి డిజిటల్ ప్రింటుకు ఇచ్చుకోవడం చవకా? "సొంతంగా చేసుకుంటే సగానికి సగం మిగులు" అని ప్రతి పెళ్లిళ్ల గ్రూపులోనూ రాస్తున్నారు. నేను ఒప్పుకోను. నా లెక్క కింద పెడుతున్నా. రేట్లు ఉజ్జాయింపు, మీ ఊళ్లో రేట్లు వేసుకుని చూడండి.

రెడీమేడ్: కార్డు, కవరు కలిపి 10 చొప్పున 3,000. ఒక రంగు స్క్రీన్ ప్రింటింగుకు 1,200. మొత్తం 4,200.

సొంత డిజైన్, 5×7 అంగుళాలు, 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని కాగితం దళసరి చెప్పే లెక్క) ఆర్ట్ కార్డు, ఒకవైపు ప్రింటు: 12×18 షీటుకు 4 కార్డులు. 75 షీట్లు, పాడయ్యేవాటికి ఇంకో 5. షీటు 30 చొప్పున 2,400. కటింగు 100. కవర్లు 3 చొప్పున 900. మొత్తం 3,400.

అదే రెండువైపులా అయితే షీటు 50 వేసుకోండి: 4,000కి కవర్లూ కటింగూ కలిపి 5,000. రెడీమేడ్‌ను దాటిపోయింది. ముందు వినాయకుడు, వెనక మేటర్ అనుకుని మొదలుపెట్టినవాళ్లంతా ఇక్కడే దెబ్బతింటారు. ఒకవైపుతో సరిపెట్టుకున్నా మిగిలేది 800. దానికోసం ఇంత తలనొప్పి ఎందుకని?

అచ్చుతప్పు:
లెక్కలో తప్పు లేదండీ, సైజులో ఉంది. 5×7 మన సైజు కాదు, అమెరికాది. అక్కడ 5¼×7¼ కవరు ప్రతి దుకాణంలో దొరుకుతుంది, అందుకని డిజైన్ యాప్‌లలో టెంప్లేట్లు చాలావరకు ఆ కొలతతోనే తెరుచుకుంటాయి. మనం అదే పట్టుకొచ్చి 12×18 షీటు మీద పరుస్తున్నాం. షీటు 216 చదరపు అంగుళాలు, నాలుగు కార్డులకు పోయేది 140. మూడో వంతుకు పైగా కాగితం చెత్తబుట్టలోకి.

5½×4 తీసుకోండి. చుట్టూ ఎనిమిదో వంతు అంగుళం బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) వదిలితే 5¾×4¼ అవుతుంది. అడ్డంగా రెండు పెడితే 11½, నిలువుగా నాలుగు పెడితే 17. షీటుకు 8 కార్డులు, అంచుల్లో మిషన్ పట్టుకోవడానికి చోటు కూడా మిగులుతుంది. 300కి 38 షీట్లు, వృథాకు 4. 42 ఇంటూ 30 అంటే 1,260. కటింగు 100, చిన్న కవర్లు 2.50 చొప్పున 750. మొత్తం 2,110. రెండువైపులా వేసినా 2,950. మీ సగం మిగులు ఇదిగో.

ఒక్క షరతు. ముందు కవరు కొనండి, తర్వాతే కార్డు సైజు ఖాయం చేయండి. కార్డు కన్నా కవరు పొడవులోనూ వెడల్పులోనూ పావు అంగుళం పెద్దదిగా ఉండాలి. డిజైన్ అంతా అయ్యాక కవరు దొరకక విడిగా చేయించుకుంటే మిగిలిన డబ్బంతా అక్కడికే పోతుంది.

గీతలగళ్లు:
13×19 వేసే మిషన్ ఉన్నచోట 5×7 కూడా అయిదు పడతాయి. ఒక వరుసలో రెండు నిలువుగా, పక్క వరుసలో మూడు అడ్డంగా. బ్లీడ్‌తో వెడల్పు 12½ అవుతుంది, సరిపోతుంది. 60 షీట్లు చాలు. కానీ ప్రెస్సువాళ్లు తమంతట తాము ఇలా పేర్చరు, పేర్చిన పీడీఎఫ్ మనమే ఇవ్వాలి. మడతపెట్టే కార్డుకు మాత్రం ఇది వద్దు. కాగితం పోగు (నార నడిచే దిశ) కొన్నింటికి మడత వెంట, కొన్నింటికి మడతకు అడ్డంగా వస్తుంది. అడ్డంగా వచ్చినవాటికి మడతదగ్గర టోనర్ (మిషన్ వేసే పొడిసిరా) పగిలి తెల్లగీత కనిపిస్తుంది. ఎటు తిరిగీ 200 జీఎస్ఎం దాటిన కాగితాన్ని క్రీజింగ్ (మడత గీత ముందే నొక్కించడం) చేయించకుండా మడవకూడదు.

నల్లసిరా:
అందరూ కాగితం గురించే మాట్లాడుతున్నారు. సొంత డిజైన్లు చెడేది తెలుగు దగ్గర.

మన డీటీపీ కొట్లలో ఇప్పటికీ చాలామంది పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీదే పనిచేస్తారు. అవి యూనికోడ్ (ఫోన్లు వాడే అక్షరాల పద్ధతి) కావు. మీరు ఫోన్‌లో టైప్ చేసి వాట్సాప్‌లో పంపిన మేటర్ అందులో అతికిస్తే డబ్బాలుగానో పిచ్చిరాతగానో వస్తుంది. అప్పుడు ఆపరేటర్ మొత్తం మళ్లీ కొడతాడు. అంటే మీరు పదిసార్లు దిద్దుకున్న ప్రతికి, కార్డు మీద పడేదానికి సంబంధం లేదు. ప్రూఫ్ మొదటి అక్షరం నుంచీ కొత్తగా చదవాల్సిందే.

ఫొటోషాప్‌లో సొంతంగా చేసేవాళ్లకు ఇంకో బాధ. పాత వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ కింద వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టుకోకపోతే ఒత్తులు విడిపోతాయి. ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోవాలి. డబ్బు పెట్టకూడదనుకుంటే లిబ్రేఆఫీస్, ఇంక్‌స్కేప్ రెండూ తెలుగును సరిగ్గానే చూపిస్తాయి. ఫాంట్లు కొననక్కర్లేదు. రామభద్ర, మండలి, సురన్న, పెద్దన, గిడుగు, ఎన్టీఆర్ అన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, అచ్చుకు వాడుకోవడానికి అభ్యంతరం లేదు. పేర్లకు రామభద్ర లాంటి దిట్టమైనది, మేటర్‌కు మండలి లాంటి తేలికైనది. మూడో ఫాంట్ వద్దు.

ప్రూఫులో "లక్ష్మి", "జ్ఞాన", "స్వస్తిశ్రీ", "సంవత్సర" ముందు చూడండి. విరిగితే ముందు విరిగేవి ఇవే. అక్షరం 10 పాయింట్ల కన్నా తగ్గకూడదు, వరుసకూ వరుసకూ 15 నుంచి 16 పాయింట్లు. ఇంగ్లీషు టెంప్లేట్‌లో 12 ఉంటుంది. అలాగే వదిలేస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. ప్రెస్సుకు ఇచ్చేముందు అక్షరాలను కర్వ్స్‌గా (గీతల బొమ్మలుగా) మార్చిన పీడీఎఫ్ ఇవ్వండి, ఫాంట్ లేదన్న మాట రాదు. దిద్దుబాట్లకు మామూలు ప్రతి మీ దగ్గర దాచుకోండి. కర్వ్స్ చేశాక అక్షరం మార్చలేరు.

కాగితంకొట్టు:
చూశారా, ఇంత తెలిస్తే గానీ 2,000 మిగలదు! రెడీమేడ్ కార్డులో బంగారు ఫాయిల్ వినాయకుడు, ఎంబాసింగ్ ముందే వేసి ఉంటాయి. శివకాశిలో ఒక్క డై (అచ్చు దిమ్మ) మీద వేలకు వేలు కొడతారు కాబట్టే అది మనకు పది రూపాయల కార్డులో వస్తోంది. మన 300కి విడిగా బ్లాక్ చేయించి ఫాయిల్ కొట్టిస్తే ఏమవుతుందో చెప్పండి.

అచ్చుతప్పు:
ఫాయిల్ మీద నేను వాదించను, అది మీదే. కానీ అందరికీ ఫాయిల్ ఎందుకు? పెద్దవాళ్లకు, వియ్యాలవారి తరఫుకు 40 కార్డులు ఫాయిల్‌తో, మిగతావి మామూలుగా. లేజర్ ప్రింటులో నల్ల టోనర్ పడినచోట, టోనర్‌కు అంటుకునే ఫాయిల్ పరిచి, పౌచ్ లామినేషన్ మిషన్‌లోంచి పోనిస్తే సరి. నున్నటి కాగితం కావాలి, గరుకుదాని మీద మచ్చలు మచ్చలుగా పడుతుంది. ఇంక్‌జెట్ ప్రింటు మీద అసలు అంటదు.

ఇంటిప్రింటరు:
ప్రెస్సుకే ఎందుకు వెళ్లాలి? ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఉంటే ఏ4 షీటుకు సరిగ్గా నాలుగు ఏ6 కార్డులు. 300కి 75 షీట్లు.

నల్లసిరా:
వందలోపయితే వేసుకోండి, 300 వద్దు. ముందు మీ ప్రింటర్ ఎన్ని జీఎస్ఎం తీసుకుంటుందో పుస్తకంలో చూడండి. కింది ట్రేలోంచి కాగితం లోపల గుండ్రంగా తిరిగి వస్తుంది, మందపుది అక్కడ ఇరుక్కుంటుంది. వెనక ట్రే ఉంటేనే పని. మామూలు ఆర్ట్ కార్డు మీద ఇంక్‌జెట్ సిరా ఆరదు, వేలు తగిలితే చెరిగిపోతుంది. ఇంక్‌జెట్ కోసం పూత వేసిన కాగితమో, అసలు పూతలేని కాగితమో ఉండాలి. చాలా ఇంటి ప్రింటర్లు అంచు దాకా రంగు వేయవు, కాబట్టి తెల్ల అంచు వదిలిన డిజైనే పెట్టుకోండి. కత్తెర జోలికి వెళ్లొద్దు. ఏదైనా ప్రెస్సులో కట్టగా కోయించండి.

అన్నిటికన్నా ముఖ్యం, పసుపు. నాలుగు మూలలా తడి పసుపు అద్దితే డై సిరా (నీళ్లకు కరిగే రకం) అయితే మూలల్లో ఉన్న రంగు కరిగి పాకుతుంది. గ్లాసీ (మెరిసే) లామినేషన్ చేసిన కార్డు మీద ఇంకో రకం గొడవ. పసుపు పట్టుకోదు, ఎండాక పొలుసుల్లా కవరులో రాలుతుంది. మ్యాట్ కాగితం, గట్టిగా కలిపిన పసుపు, పూర్తిగా ఆరాకే కవరులో పెట్టడం. మూలల్లో పావు అంగుళం ఖాళీగా వదిలి డిజైన్ చేసుకుంటే పసుపు ఏ అక్షరం మీదా పడదు.

గీతలగళ్లు:
అంచు గీతల సంగతి కూడా చెప్పాలి. కటింగ్ మిషన్ ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అవడం మామూలే. అంచుకు 2 మిల్లీమీటర్ల దూరంలో సన్నటి బార్డర్ వేస్తే ఆ ఒక్క మిల్లీమీటరే కార్డంతా వంకరగా ఉన్నట్టు చూపిస్తుంది. 5 మిల్లీమీటర్లు లోపలికి వేయండి, లేదా బార్డరే మానేయండి.

రంగులు కూడా చూసుకోండి. రాణీ పింక్, చిలకపచ్చ, నెమలికంఠం ఫోన్ తెర మీద మెరిసినట్టు కాగితం మీద మెరవవు. నాలుగు సిరాలతో ఆ మెరుపు రాదు. మెరూన్, పసుపు, ముదురాకుపచ్చతో వెళ్తే నిరాశ ఉండదు. మేటర్ నలుపు నల్లసిరా ఒక్కదానితోనే పడాలి, నాలుగూ కలిపితే చిన్న అక్షరాల చుట్టూ రంగు నీడ వస్తుంది. వాట్సాప్‌లో వచ్చిన వినాయకుడి బొమ్మ వాడకండి. రెండంగుళాల బొమ్మకు కనీసం 600 పిక్సెళ్ల వెడల్పు కావాలి. ప్రెస్సుకు డిజైన్ పంపేటప్పుడు ఫొటోగా కాదు, పీడీఎఫ్ డాక్యుమెంటుగా పంపండి.

తిథివారం:
డబ్బు లెక్కలు బాగున్నాయి. మొత్తం 300 చెత్తలో పడేసేలా చేసే తప్పు ఒకటుంది, అది మీరెవరూ చెప్పలేదు. అర్ధరాత్రి దాటిన ముహూర్తం. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, కాబట్టి పురోహితుడు "20వ తేదీ గురువారం రాత్రి 2.17" అని రాసిస్తారు. క్యాలెండరు ప్రకారం అప్పటికి 21 శుక్రవారం. టెంప్లేట్ డబ్బాలో తేదీ ఒకచోట, గంట ఇంకోచోట పెడితే సగంమంది ఒక రోజు ముందే తెల్లవారుజామున వస్తారు, లేదా పెళ్లయ్యాక వస్తారు. "20వ తేదీ గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం, 2.17 గంటలకు" అని పూర్తిగా వేయండి. విందు ఎప్పుడో వేరే వరుసలో. సంవత్సరం పేరు కూడా చూడండి. 2026 ఉగాది నుంచి పరాభవ, అంతకుముందు విశ్వావసు. పాత కార్డు మేటర్ కాపీ కొట్టినవాళ్లు ఇక్కడే పట్టుబడతారు. రెడీమేడ్ అయినా సొంతదైనా ఇది ఒకటే.

కాగితంకొట్టు:
ఇది మాత్రం ఒప్పుకున్నా. సైజు విషయంలో అచ్చుతప్పు గారి 5½×4 లెక్క కూడా సరే. కానీ అంత చిన్న కార్డులో పెళ్లి, రిసెప్షన్, రెండువైపుల పెద్దల పేర్లు, ఆహ్వానించువారు, దారి చూపే పటం ఎలా పడతాయి?

అచ్చుతప్పు:
పడవు, పట్టించకూడదు కూడా. ముందువైపు పెళ్లి, వెనకవైపు రిసెప్షనూ దారికి క్యూఆర్ కోడ్. కోడ్ ముప్పాతిక అంగుళానికి తగ్గకుండా, తెల్ల నేల మీద నల్లగా. బంగారు రంగులో వేస్తే కొన్ని ఫోన్లు చదవవు. పోస్టులో పంపేవాళ్లకూ చిన్నదే మేలు. 300 జీఎస్ఎం 5×7 కార్డు ఒక్కటే దాదాపు 7 గ్రాములు. అలాంటివి రెండు వేసి దళసరి కవరులో పెడితే 20 గ్రాముల గీత దగ్గరకు వస్తుంది, దాటితే స్టాంపు పెరుగుతుంది. 5½×4 రెండు పెట్టినా ఆ గీత దరిదాపుల్లోకి రాదు.

కాగితంకొట్టు:
అయితే 500 దాటితే?

గీతలగళ్లు:
500 దగ్గర ఆఫ్‌సెట్ (ప్లేట్లు చేసి వేసే అచ్చు) కొటేషన్ కూడా అడగండి. నాలుగు ప్లేట్ల ఖర్చు ముందే పడుతుంది, ఆ తర్వాత ఒక్కో కార్డు చాలా తక్కువ. వెయ్యి దాటితే డిజిటల్ ఊసే ఎత్తొద్దు. హైదరాబాదులో ఉన్నవాళ్లు ఛత్తాబజార్‌లో రెండు మూడు కొట్లు తిరిగి, డిజిటల్‌కీ ఆఫ్‌సెట్‌కీ ఒకే కాగితం మీద రేటు రాయించుకోండి. "కటింగు, క్రీజింగు, కవరు కలిపా, విడిగానా" అని అడగకుండా అడ్వాన్సు ఇవ్వకండి.