గురువు లేకుండా వైబ్రేషన్ అనాలిసిస్ నేర్చుకోవడం ఎలా?

ప్రశ్న (మిర్యాలగూడ):
డిప్లొమా మెకానికల్ పూర్తిచేసి, ఇక్కడి ఒక రైస్‌మిల్లులో మెయింటెనెన్స్ పని చూస్తున్నాను. మోటారు మొరాయించాక బేరింగు మార్చడమే తప్ప, కంపనాన్ని కొలిచి లోపాన్ని ముందే గుర్తించే విద్య మా మిల్లులో ఎవరికీ తెలియదు. హైదరాబాదు వెళ్లి శిక్షణ పొందే స్థోమత లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (మహబూబ్‌నగర్):
పరికరంతో కాదు, లెక్కతో మొదలుపెట్టండి. మన 50 హెర్ట్జ్ కరెంటుపై నాలుగు పోళ్ల ఇండక్షన్ మోటారు నిమిషానికి 1500 కంటే కొంత తక్కువగా, ఉదాహరణకు 1440 చుట్లు, అంటే సెకనుకు 24 చుట్లు తిరుగుతుంది. స్పెక్ట్రమ్‌లో (ఏ ఫ్రీక్వెన్సీ వద్ద కంపనం ఎంత ఉందో చూపే గ్రాఫులో) 24 హెర్ట్జ్ దగ్గర శిఖరం లేస్తే ముందుగా అన్‌బ్యాలెన్స్‌ను (తిరిగే భాగంలో బరువు ఒకవైపు ఎక్కువవడాన్ని), దానికి రెట్టింపు వద్ద కూడా బలంగా ఉంటే కప్లింగు అలైన్‌మెంటును (కలిపిన రెండు షాఫ్టుల వరుస తప్పిందేమోనని) అనుమానించాలి. బేరింగు లోపాలు మాత్రం షాఫ్టు వేగానికి పూర్ణ గుణిజాల వద్ద పడవు. 9 బాల్స్ ఉండే 6205 నంబరు బేరింగులో బయటి రేసు (బాల్స్ దొర్లే బయటి రింగు) దెబ్బతింటే షాఫ్టు వేగానికి దాదాపు 3.58 రెట్ల వద్ద, ఇక్కడైతే 86 హెర్ట్జ్ చుట్టుపక్కల, జాడ కనిపిస్తుంది. సిద్ధాంతానికి ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఉచితంగా దొరుకుతాయి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. ఫోన్ యాప్ సరిపోతుందా?

జవాబు (నల్లగొండ):
అన్‌బ్యాలెన్స్ వరకు కొంత పనికొస్తుంది. బేరింగు తొలిదశ లోపాల జాడలు, పైన చెప్పిన 86 హెర్ట్జ్ జాడ స్పష్టపడకముందు, వేల హెర్ట్జ్‌లలో ఉంటాయి కనుక వాటిని ఫోన్ సెన్సారు పట్టుకోలేదు. పైవారు చెప్పనిది ఒకటుంది: బెల్టుతో నడిచే బ్లోయరులో మోటారు వేగం, ఫ్యాను వేగం వేరువేరు కాబట్టి రెండింటినీ టాకోమీటరుతో (తిరిగే వేగాన్ని కొలిచే పరికరంతో) కొలవనిదే ఏ శిఖరానికీ పేరు పెట్టకండి. మిల్లులో తీసేసిన ప్రతి బేరింగునూ విప్పి, రేసుపై గుంట ఎక్కడుందో చూసి, అంతకుముందు నమోదుచేసిన రీడింగుతో పోల్చి రాసిపెట్టుకోండి.