అప్‌డేట్: టీమ్ వికీ ఎవరూ చూడట్లేదు అన్న సమస్య తీరింది

ఆఫీసులో మీడియావికీ (వికీపీడియా నడిచే సాఫ్ట్‌వేర్; అందరూ కలిసి పేజీలు రాసుకోవచ్చు) పెట్టాం, పేజీలూ ఉన్నాయి, అయినా అందరూ చాట్‌లోనే అడుగుతున్నారు, ఏం చేయాలని ఇక్కడ అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

పనిచేసింది దారిమార్పు పేజీల సలహా. అంటే ఒక పేరుతో తెరిస్తే నేరుగా వేరే పేజీకి తీసుకెళ్లే పేజీలు (రీడైరెక్ట్). ఉదాహరణకి, సాఫ్ట్‌వేర్ కొత్త కూర్పును వాడేవాళ్లకి అందుబాటులోకి తేవడం గురించిన మా పేజీ పేరు ‘ప్రొడక్షన్ డిప్లాయ్‌మెంట్ విధానం’. జనం వెతికేదేమో ‘రిలీజ్ ఎలా చేయాలి’, ‘లైవ్‌లో పెట్టడం’ అని! అందుకే చాట్‌లో వాళ్లు అడిగిన మాటలనే పేర్లుగా పెట్టి, ఒక్కొక్కటీ అసలు పేజీకి దారిమార్పు చేశాం. ఇప్పుడు ఎవరి మాటల్లో వాళ్లు వెతికినా సరైన చోటికే చేరుతున్నారు. దీనికి పైసా ఖర్చు లేదు, ఎక్స్‌టెన్షన్ (అదనంగా జోడించే ప్రోగ్రామ్) కూడా అక్కర్లేదు.

దీంతోపాటు, చాట్‌లో ప్రశ్న వస్తే జవాబు ముందు వికీలో రాసి, లింకు మాత్రమే ఇస్తున్నాం. మొదట్లో కొందరికి విసుగొచ్చింది, నిజమే. కానీ మొన్న కొత్తగా చేరినమ్మాయి ఎవర్నీ అడక్కుండా వీపీఎన్ సెటప్ చేసుకుని, పేజీలో పాత సర్వర్ పేరు కనిపిస్తే తనే సరిదిద్దింది. నాకు భలే సంతోషమేసింది.

సాఫ్ట్‌వేర్ మార్చడం, మొదటి పేజీకి కొత్త డిజైన్ అవసరం పడలేదు. ఎడిటింగ్‌కి అనుమతులు పెట్టమన్నారు, అదీ వద్దనుకున్నాం. ఎవరైనా పొరపాటున చెరిపినా పేజీ చరిత్రలోంచి పాత కూర్పు వెనక్కి తెచ్చుకోవచ్చు. ముఖ్యమైన పేజీలు మాత్రం, వాటిలో మార్పులు జరిగితే చూపించే వీక్షణ జాబితాలో పెట్టుకున్నాను.