మెరైన్ ఇంజిన్ ట్రేడులో పర్యావరణం: ప్రాక్టికల్‌గా ఏం చేయించాలి?

కృష్ణపట్నం_ఫిట్టర్:
మా ట్రేడు పిల్లల్లో సగం మంది ఓడల్లోకి, మిగతావాళ్లు జువ్వలదిన్నె వైపు మరబోట్ల మీదికి పోతారు. మార్పోల్ (ఓడల కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందం) అనుబంధాలు బట్టీ పట్టించడం తప్ప చేయిస్తున్నదేం లేదు. నీళ్ల నుంచి నూనెను వేరుచేసే ఆయిలీ వాటర్ సెపరేటర్ కొనే స్తోమతా లేదు. వర్క్‌షాపులో చేయించగలిగేవి చెప్పండి.

పాత_సెకండింజినీర్:
సెపరేటర్ లేకున్నా అది ఎందుకు మొరాయిస్తుందో చూపించొచ్చు. రెండు పారదర్శక డబ్బాల్లో పదేసి లీటర్ల నీళ్లు, వందేసి మిల్లీలీటర్ల వాడిన ఇంజిన్ ఆయిల్ పోయండి. ఒకదాంట్లో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూతలు కలపండి. రెండూ గట్టిగా గిలకొట్టి మర్నాటిదాకా కదపొద్దు. మొదటి డబ్బాలో నూనె పైకి తేలి గీత స్పష్టంగా కనిపిస్తుంది. రెండోది పాలు కలిపిన కాఫీలాగే ఉండిపోతుంది. ఇంజిన్‌రూమ్ నేల ప్లేట్లు ఏ సబ్బు దొరికితే దాంతో కడిగితే బిల్జిలో (ఓడ అడుగున మురికినీళ్లు చేరే చోట) జరిగేదీ ఇదే. సెపరేటర్ పనిచేసేది ప్రధానంగా బరువు తేడా మీద, ఇలా నూనె, నీళ్లు కలిసిపోయిన ఎమల్షన్‌ను విడదీయడం దాని తరం కాదు. నీళ్లలో నూనె 15 పీపీఎం (పది లక్షల్లో 15 వంతులు) దాటితే అలారం మోగి, త్రీవే వాల్వ్ నీళ్లను సముద్రంలోకి పోనీయకుండా వెనక్కి తిప్పుతుంది. సెపరేటర్‌ను తప్పించి నీళ్లను నేరుగా సముద్రంలోకి వదిలే బైపాస్ పైపు పెట్టాలన్న బుద్ధి పుట్టేది సరిగ్గా అప్పుడే. 15 పీపీఎం అంటే వెయ్యి లీటర్లకు సుమారు 15 మిల్లీలీటర్లు, సిరంజిలో తీసి చూపించండి.

లాగ్‌బుక్_సార్:
రాత కూడా ప్రాక్టికలే. షాపులోని వాడిన ఆయిల్ డ్రమ్మునే స్లడ్జ్ (నూనె మడ్డి) ట్యాంకు అనుకుని, వారం వారం కొలతను నమూనా ఆయిల్ రికార్డ్ బుక్‌లో (ఓడలో నూనె లెక్కలు రాసే పుస్తకం) స్లడ్జ్‌కు వాడే 'సి' కోడ్ కింద రాయించండి. తప్పు పడితే వైట్‌నర్ పూయకూడదు. చదవడానికి వీలుండేలా ఒక్క గీత కొట్టి, సంతకం, తేదీ వేసి, కింద కొత్తగా రాయాలి.

ఉలవపాడు_సరంగు:
బోట్లకు పోయే పిల్లోళ్లకు ఇయ్యేవీ చెవికెక్కవు సార్, డీజిల్ లెక్క చెప్పండి. వేగం 10 శాతం తగ్గిస్తే, లెక్క ప్రకారం అదే దూరానికి ఐదోవంతు దాకా డీజిల్ మిగులుద్ది. కొలిచేటప్పుడు గీతలున్న క్యాను నుంచి ఇంజిన్‌కు లైను ఇయ్యండి. రిటర్న్ లైను కూడా అదే క్యానులోకి రావాల, ట్యాంకులోకి పోతే లెక్కంతా తప్పే. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బోట్లు గట్టునే ఉంటాయి, అడుగు గీకేది అప్పుడే నేర్పండి. కింద టార్పాలిన్ పరచకపోతే రాగి ఉన్న రంగు పొడంతా ఇసకలోకి పోద్ది.

కృష్ణపట్నం_ఫిట్టర్:
ప్రయోగం అయ్యాక ఆ డబ్బాల నీళ్లు ఎక్కడ పారబోయాలి?

పాత_సెకండింజినీర్:
కాలవలోకి మాత్రం వద్దు. తేలిన నూనె తోడి వాడిన ఆయిల్ డ్రమ్ములో వేయండి. దాని కింది నీళ్లకూ, సబ్బు కలిసినదానికీ వేరే డ్రమ్ము పెట్టండి. రెండూ కలిపేస్తే రీసైక్లర్ ధర తెగ్గోస్తాడు. అనుమతి ఉన్నవాడికే ఇచ్చి రసీదు తీసుకోండి, దాన్ని కూడా పిల్లల చేత రికార్డులో ఎక్కించండి.